గోడలు మూయక ముందే వెలుగు సంగతి తేల్చుకోండి

డాలస్ పరిసరాల్లో కొత్త ఇల్లు బుక్ చేసుకున్న మనవాళ్లు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: దీపాల సంగతి ఇల్లు చేతికొచ్చాక చూసుకోకూడదా? హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే చూసుకోవచ్చు. అక్కడ ఎలక్ట్రీషియన్ ఎప్పుడు పిలిచినా వచ్చి, ఇటుక గోడకు గాడి కొట్టి, పైపు దించి, సిమెంటు పూసి వెళ్లిపోతాడు. ఇక్కడి ఇల్లు చెక్క చట్రం. వైర్లన్నీ ఆ చెక్కల మధ్య నుంచి లాగి, పైన డ్రైవాల్ (జిప్సం) పలకలు బిగించి రంగు వేశాక, ఒక్క దీపం అదనంగా కావాలన్నా పలక కోయాలి, అతకాలి, మళ్లీ రంగు వేయాలి. అందుచేత అడగవలసినవన్నీ డిజైన్ సెంటర్‌లో, అంటే ఇంటి హంగులు ఎంచుకునే బిల్డరు కార్యాలయంలో, కూర్చున్న రోజే అడగాలి; డ్రైవాల్ వేయడానికి ముందు బిల్డరు ఇల్లు చూపించే రోజున అవన్నీ ఉన్నాయో లేవో సరిచూసుకోవాలి.

అడగకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. మా మొదటి ఇంట్లో దిగిన రాత్రి పడకగదిలో స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా ఏ దీపమూ వెలగకపోతే, వైరింగ్‌లో లోపమని బిల్డరుకు ఫిర్యాదు చేశాను. ఆ స్విచ్ గోడ కిందనున్న ప్లగ్గుకు కలిపి ఉందని, అక్కడ టేబుల్ ల్యాంప్ పెట్టుకోవాలని ఆయన మర్యాదగానే చెప్పారు. వంటగది, స్నానాలగది తప్ప మిగిలిన నివాస గదుల్లో కప్పుకు దీపం బదులు స్విచ్‌తో వెలిగే ప్లగ్గు ఉన్నా ఇక్కడి విద్యుత్ నియమావళి ఒప్పుకుంటుంది. కనుక ప్రతి పడకగదికీ కప్పు మధ్యలో ఫ్యాన్ బరువు మోయగల ఎలక్ట్రికల్ పెట్టె, ఫ్యాన్‌కూ దీపానికీ వేర్వేరు స్విచ్‌లు కావాలని రాయించుకోండి.

అయితే బల్బుల కంటే ముందు ఆలోచించవలసింది ఎండ గురించి. మనవాళ్లలో చాలామంది తూర్పు ముఖం ఇల్లే కావాలంటారు; నేనూ అదే కొన్నాను. ముందు భాగం తూర్పైతే వెనుక భాగం పడమర, బిల్డరు పెద్ద కిటికీలన్నీ పెట్టేది వెనుకనున్న ఫ్యామిలీ రూమ్‌కే. జూన్ చివర్లో ఇక్కడ పొద్దు గూకేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. అంతసేపూ ఆ ఎండ వాలుగా సోఫాల మీదే ఉంటుంది. అటువంటి ప్లాన్ తీసుకున్నవారు షాండ్లియర్‌కు పెట్టే డబ్బు వెనుక వరండా కప్పు పొడిగించడానికి పెడితే మేలు. మనవాళ్లు చిన్నచూపు చూసే దక్షిణం కిటికీ నిజానికి ఈ ప్రాంతానికి బాగా నప్పుతుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 34 డిగ్రీలకు మించి పైకి రాడు కనుక వెలుగు గది లోపలిదాకా వస్తుంది. వేసవిలో నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కనుక చిన్న చూరు చాలు, ఎండ ఆగిపోతుంది.

కట్టడంలోనే వెలుగును కలపడమంటే ఏమిటో కళ్లారా చూడాలంటే ఒక శనివారం ఫోర్ట్‌వర్త్‌లోని కింబెల్ మ్యూజియానికి వెళ్లండి. అహ్మదాబాద్ ఐఐఎం భవనాలకు రూపమిచ్చిన లూయీ కాన్ కట్టిందే అది, 1972లో తెరిచారు. కాంక్రీటు కప్పు నడినెత్తిన సన్నని చీలిక ఉంటుంది. అందులోంచి దిగే ఎండను దాని కింద వేలాడే అల్యూమినియం రెక్కలు తిరిగి కప్పు మీదికే మళ్లిస్తాయి. వెలుగు గదంతా పరుచుకుంటుంది, కానీ కంట్లో పొడవదు.

మన ఇంటికి ఆ సూత్రం సులువుగానే వర్తిస్తుంది. బిల్డర్లు క్యాన్ లైట్లను (కప్పులోకి దిగేసి ఉండే గుండ్రటి దీపాలను) గది మధ్యలో చదరంగా బిగిస్తారు. నేల మెరుస్తుంది, గోడలు చీకటిగా ఉండి గది ఇరుకుగా కనిపిస్తుంది. వాటిలో ఒక వరుసనైనా వెలుగు గోడ మీద పడేలా గోడకు రెండు మూడు అడుగుల దూరానికి జరిపించి, వెలుగు తగ్గించి పెంచుకునే డిమ్మర్ పెట్టించండి. వంటగదిలో కప్పు దీపం మన వీపు వెనుక ఉంటే కూరలు తరిగే చోట మన నీడే పడుతుంది కాబట్టి, పై అరల అడుగున దీపాలకు వైరు తప్పనిసరిగా లాగించాలి. ప్యాంట్రీనో క్లోజెట్‌నో పూజగదిగా మార్చుకునే ఉద్దేశం ఉంటే అక్కడ దీపం, ప్లగ్గు రెండూ ఇప్పుడే అడగండి.

వెలుగు రంగు విషయంలో ఒక్క మాట. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు; అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. ట్యూబులైటు తెలుపుకు అలవాటుపడిన మనకు ఇక్కడి 2700 కెల్విన్ పసుపు మొదట్లో మసకగా తోచి, 5000 కెల్విన్ బల్బులు కొనుక్కొచ్చేస్తాం. వంటగదికి 3500 లేదా 4000, హాలుకూ పడకగదులకూ 2700 లేదా 3000 ఉంచి, ఒకే గదిలో రెండు రంగులు కలపకుండా చూసుకోండి. చీరల రంగులు సరిగ్గా తెలియాలంటే డబ్బా మీద సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేదా ఆపైన ఉన్న బల్బులే కొనాలి. ఇండియా నుంచి దీపాలు మాత్రం మోసుకురావద్దు. ఇక్కడ 120 వోల్టులు, హోల్డర్ కూడా మరో రకం.

డ్రైవాల్ వేయడానికి ముందు రోజు టేపు పట్టుకుని వెళ్లి, ప్రతి గోడనూ కప్పునూ కొలతలతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి. అయిదేళ్ల తరవాత పటం తగిలించడానికి మేకు కొట్టేటప్పుడు కూడా వైరు ఎటు పోయిందో అవే చెబుతాయి.