ఆ పెద్దాయన చర్చిని ఎలా మార్చారు?

ప్రశ్న: వయసైపోయింది, ఎక్కువ కాలం ఉండరులే అనుకుని ఎన్నుకున్న ఒక పోప్ క్యాథలిక్ చర్చి వ్యవస్థనే మార్చేశారట. ఎవరండీ ఆయన?

జవాబు: ఇరవై మూడవ జాన్. ఇటలీలో బెర్గామో దగ్గర కౌలు రైతు ఇంట్లో పుట్టిన ఈయన 1958లో పోప్ అయ్యేసరికి 76 ఏళ్లు, అయినా మూడు నెలలు తిరక్కుండానే ప్రపంచంలోని బిషప్పులందరినీ పిలిచి మహాసభ పెడతానంటే చర్చిలో పోప్ తర్వాతి పెద్దలైన కార్డినల్స్‌కి నోట మాట రాలేదు. నాకు ఆయన అంతకుముందే నచ్చేశారు. ఆ ఏడాది క్రిస్మస్ మర్నాడు రోమ్‌లో రెజీనా చేలీ జైలుకెళ్లి, మీరు నా దగ్గరకు రాలేరు కాబట్టి నేనే వచ్చానని ఖైదీలతో అన్నారు, ఎంత మంచి మాటండీ! మహాసభ 1962లో మొదలైంది. లాటిన్‌లో సాగే పూజ జనం భాషల్లోకి వచ్చింది దానివల్లే. ఆయన మాత్రం 1963లోనే క్యాన్సర్‌తో పోయారు, తర్వాతి పోప్ ఆరవ పాల్ 1965లో సభను పూర్తిచేశారు.