వంటింటి గడప దగ్గర చంటివాడు

ప్రశ్న: మా బాబుకు 20 నెలలు. ఉదయం ఎనిమిదింటికల్లా మావారికి క్యారేజీ కట్టాలి, తొమ్మిదిన్నరకు నేను ఇంటి నుంచే ఆఫీసు పని మొదలుపెట్టాలి. నేను స్టవ్ దగ్గరికి వెళ్లగానే వాడు వచ్చి కాళ్లకు చుట్టుకుని ఎత్తుకోమని ఏడుస్తాడు. హాల్లో బొమ్మలన్నీ పరిచి కూర్చోబెట్టినా రెండు నిమిషాలు ఉండడు. చివరికి ఫోన్‌లో పాటలు పెట్టి ఇస్తున్నాను. ఇప్పుడు ఫోన్ లేనిదే ముద్ద కూడా మింగడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బొమ్మలు హాల్లో ఉన్నాయి, మీరేమో వంటింట్లో ఉన్నారు, చిక్కంతా అక్కడే ఉంది. ఈ వయసు పిల్లలకు అమ్మ ఏ పని చేస్తుంటే ఆ పనే కావాలి, అది కూడా అమ్మ కళ్లెదుట ఉండగానే కావాలి. ఆడపిల్లలకు లక్కపిడతలు కొనిపెట్టిన మన పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. మగపిల్లలు కూడా వాటితో అంతే ఇష్టంగా ఆడుకుంటారన్నది మాత్రం వాళ్లు పట్టించుకున్నట్టు లేదు. కాబట్టి వాడిని వంటింటికి దూరంగా ఉంచే ప్రయత్నం మానేసి, గడపకు ఇవతల, మీరు కనిపించేలా, రోజూ ఒకేచోట చిన్న చాప వేసి, అది వాడి వంటిల్లని చెప్పండి. గుమ్మానికి అడ్డంగా చిన్న గేటు బిగించుకోగలిగితే మీకు నిశ్చింతగా ఉంటుంది.

ఆ చాప మీదికి కొత్తగా కొనవలసిందేమీ లేదు. నాలుగు గుంటల ఇడ్లీ రేకు ఒకటి, కడిగిన నిమ్మకాయలు నాలుగు ఇచ్చి చూడండి. ఒక్కో గుంటలో ఒక్కో కాయ పెడతాడు, తీస్తాడు, దొర్లిపోయినదాని వెంటపడి పట్టి తెస్తాడు, పన్ను దిగేలా కొరికి మొహం చిట్లించి, మళ్లీ అదే కాయను కొరుకుతాడు. మరోరోజు ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు, చెక్క గరిటె ఇవ్వవచ్చు. మోత భరించాలి, అంతే. చపాతీలు చేసే రోజున నిమ్మకాయంత పిండిముద్ద చాలు. తోటకూర కట్టలో సగం ఇచ్చి ఆకులు దూయమంటే, అందులో కూరకు పనికొచ్చేది మిగలదు గానీ పప్పు ఉడికేంత సమయం మీకు మిగులుతుంది. ఏ రోజుకారోజు రెండు మూడు వస్తువులే బయటపెట్టి, తక్కినవి కనబడకుండా దాచండి. నాలుగు రోజుల తరువాత తీస్తే వాడికి అవి మళ్లీ కొత్తవే. లక్కపిడతలే కొనాలనుకుంటే ఏటికొప్పాక బొమ్మలు బాగుంటాయి (వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది), కాకపోతే నోట్లో పూర్తిగా పట్టే చిన్న ముక్కలను తీసేసి ఇవ్వాలి. పిల్లలకు వేరుశనగ గుళ్లు, శనగలు, చింతగింజలు పోసి ఆడించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అవి ముక్కులో ఇరుక్కుంటాయి, ఒక్కోసారి ఊపిరి గొట్టంలోకి జారిపోతాయి కనుక ఈ వయసులో వాటిని అందకుండా పెట్టడమే మేలు.

ఎంత మంచి ఆటవస్తువైనా పదిహేను నిమిషాలకు మించి పనిచేయదు. అందుచేత వంటనే ముక్కలు చేసుకోవాలి. కూరగాయలు ముందు రాత్రే తరిగి పెట్టుకోండి. లేవగానే కుక్కర్ ఎక్కించి, అది తన పని తాను చేసుకుంటుండగా బాబును పది నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక ఇడ్లీయో అరటిపండో తినిపించండి. కడుపు నిండి, అమ్మ ఒడి తనివితీరా దొరికిన పిల్లవాడు ఆ తరువాత కాస్త తెరిపినిస్తాడు. తాళింపు, వేపుడు, అప్పడాలు చివరికి ఉంచండి. ఆ పావుగంట బాబును బాల్కనీలోకో మెట్ల దగ్గరికో తీసుకువెళ్లవలసింది మీవారు. క్యారేజీ ఆయనకే కదా!

వాడు ఎంత ఏడ్చినా చంకన వేసుకుని తాళింపు వేయకండి, ఆవాలు చిట్లితే ముందు వాడి మొహానికే తగులుతాయి. వేడి గిన్నెలు వెనుక బర్నర్ మీద, మూకుడు కాడ గోడవైపు ఉండాలి. గంజి వార్చిన గిన్నెను నేలమీద దించవద్దు. ఒకవేళ చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీటిధార పట్టి డాక్టరుకు చూపించాలి. పసుపు, టూత్‌పేస్టు పూయకూడదు.

ఇక ఫోన్. రెండేళ్లు నిండేదాకా పిల్లలకు తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. మన పిల్లల వైద్యుల సంఘమూ అదే అంటుంది గానీ, బంధువులతో ఎప్పుడైనా చేసే వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. మరీ తప్పని రోజున ఆ వెసులుబాటు వాడుకోండి: ఫోన్‌ను వాడికి అందని ఎత్తులో నిలబెడితే, రెండు విజిళ్లు వచ్చేదాకా అమ్మమ్మ కబుర్లు చెబుతుంది. ముందుగా వంటవేళ పాటలు ఆపండి, అన్నం దగ్గర ఫోన్ సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు; రెండూ ఒకేసారి లాక్కుంటే మీరే మూడోరోజుకు తిరిగి ఇచ్చేస్తారు.

ప్రశ్న: మా మనవరాలికి 10 నెలలు. కోడలు ఆఫీసుకు వెళ్తే నేనే చూసుకుంటాను. వంట చేసేటప్పుడు పాపను వాకర్‌లో కూర్చోబెట్టి పక్కనే ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దమ్మా. వాకర్‌లో ఉన్న పిల్ల మీరు వెనక్కి తిరిగేలోగా గది దాటుతుంది, నేలమీద ఉంటే అందని కుక్కర్ వైరూ టీ గ్లాసూ నిలుచున్న ఎత్తు వల్ల చేతికి అందుతాయి. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకాన్నే నిషేధించారు. త్వరగా నడక వస్తుందన్న మాటలోనూ నిజం లేదు. గుమ్మానికి ఇవతల బొంత పరిచి పాకనివ్వండి, రెండు గిన్నెలు, ఒక గరిటె ముందు పెట్టి, మీరు పనిచేసుకుంటూనే పేరు పెట్టి పలకరిస్తూ ఉండండి. ఆ దగ్గరలో నీళ్ల బకెట్ మాత్రం ఉండకూడదు, అడుగున నాలుగు వేళ్ల నీళ్లున్నా సరే.