మూడు నిద్రలు ఇంట్లోనా, హోటల్లోనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మాఘమాసంలో నా పెళ్లి. మూడు నిద్రలు మా ఇంట్లోనే జరగాలని అమ్మ పట్టు. మాది రెండు పడకగదుల ఫ్లాటు, అప్పటికి చుట్టాలతో నిండిపోతుంది. ఆయనేమో విజయవాడలో ఒక హోటల్లో సూట్ చూశారు. అలంకరణతో కలిపి రాత్రికి 14,000, పన్ను అదనం. రెండు రాత్రులు నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామంటున్నారు. పెళ్లి ఖర్చులు పోను నాకు మిగిలేది లక్షా ఇరవై వేలు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంట్లో అయితే ఖర్చేముందని మీ అమ్మగారు అనే ఉంటారు. ఉందమ్మా. మీకో గది ఖాళీ చేయాలంటే అందులో పడుకునే పిన్నులు, అత్తయ్యలు, పిల్లలు ఎక్కడికి పోవాలి? అరండల్‌పేటలోనో లక్ష్మీపురంలోనో రెండు లాడ్జి గదులు, మూడు రాత్రులు. గదికి 2,000 వేసుకున్నా 12,000. పైగా అల్లుడుగారు వస్తున్నారని కొత్త ఏసీ, గోడలకు రంగులు. ఇవేవీ పెళ్లి ఖర్చుల పుస్తకంలో ఎక్కవు, నెల తిరిగాక నాన్నగారి కార్డు బిల్లులో తేలతాయి.

అందుకని ముందు పంతులుగారిని అడగండి. కార్యానికి ముహూర్తం పెళ్లయిన నాలుగైదు రోజులకు దొరుకుతుందేమో చూడమనండి. అప్పటికి చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు, ఇల్లు మీదే. పూలకు, పళ్లకు తప్ప పెద్దగా ఖర్చుండదు, అమ్మగారి మాటా నిలబడుతుంది. నా ఓటు దీనికే.

అలా కుదరకపోతే ముహూర్తం రాత్రి ఒక్కటీ హోటల్లో, మిగిలిన రెండు నిద్రలు ఇల్లు ఖాళీ అయ్యాక మీ ఇంట్లో.

ఆ సూట్ మాత్రం వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. మీ 14,000 పన్నుతో 16,520 అవుతుంది, రెండు రాత్రులకు 33,040. మీ దగ్గరున్న దాంట్లో పావు వంతుకు పైనే! 7,500 గది అయితే పన్నుతో 7,875. అదే 7,800 గది 9,204. అద్దెలో తేడా 300, బిల్లులో తేడా 1,329. డిస్కౌంటు పోను మీరు కట్టే అద్దె మీదే ఈ లెక్క కాబట్టి, కాస్త బేరమాడి 7,500 లోపుకు దింపించండి. అలంకరణ ప్యాకేజీలో కలిపితే మొత్తం ఆ గీత దాటిపోవచ్చు. బయటి డెకరేటర్‌ను రానిస్తారో లేదో అడిగి, పూలు విడిగా పెట్టించుకోండి.

నో కాస్ట్ అన్న మాటను నమ్మకండి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒక్క రాత్రికి నెలనెలా వాయిదాలేమిటి? పంతులుగారు ముహూర్తం రాసిచ్చేదాకా డబ్బు వెనక్కి రాని రేటులో బుక్ చేయనే వద్దు. చవగ్గా ఉందని తీసుకుంటే, తేదీ మారినప్పుడు మొత్తం పోతుంది.

బుక్ చేసేముందు హోటల్ వాళ్లతో తేల్చుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పాలగ్లాసు, పళ్లెంలో మిఠాయిలు పట్టుకుని వచ్చే పేరంటాళ్లను ఎన్ని గంటల వరకు పైకి రానిస్తారు? గదిలో దీపం, అగరుబత్తి వెలిగించవచ్చా, పొగ అలారం మోగుతుందా? తెల్ల దుప్పటి మీద కుంకుమో, గులాబీ రేకుల రంగో అంటితే డ్యామేజీ కింద ఎంత వసూలు చేస్తారు? జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. ఆధార్ కార్డులు ఇద్దరివీ వెంట ఉండాలి. మీ ఇంటిపేరు ఇంకా మారలేదని కంగారు పడొద్దు.

ఇక ఎవరు కట్టాలన్నది. హోటల్ ఆయన కోరిక కాబట్టి ఆ 7,875 ఆయన కడితే న్యాయం, లేదా చెరిసగం. మీ నాన్నగారి మీద మాత్రం వేయకండి. మీ లక్షా ఇరవైలో లక్ష కదపకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. కాపురం పెట్టే ఇంటికి అడ్వాన్సు అడిగేది రెండు నెలల్లోపే.