డిప్పర్ కొట్టి చెప్పాలా, ఊరుకోవాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైవే మీద స్పీడు చెకింగుల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న (డోన్, కారు యజమాని): కర్నూలు–అనంతపురం రోడ్డు మీద ఎదురు బండి డిప్పర్ కొట్టిందంటే, అంటే హెడ్‌లైటు చకచకా వేసి ఆర్పిందంటే, ముందు పోలీసులున్నారని అర్థం. నేనూ కొడుతుంటాను. అది నేరమని, కేసు పెడతారని మా బంధువు అంటున్నాడు. స్పీడు తగ్గాలనే కదా పోలీసులూ కోరేది? నేను చేసేదీ అదే కదా?

జవాబు: ముందు చెకింగ్ ఉందని ఎదుటివాళ్లకు చెప్పకూడదనే సెక్షను 1988 మోటారు వాహనాల చట్టంలో లేదు. మీ బంధువు మాట పూర్తిగా గాలి మాటా కాదు. అధికారి విధులకు అడ్డుపడితే ఆ చట్టంలోని 179వ సెక్షను కింద 2,000 రూపాయల వరకు జరిమానా ఉంది. భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, 2,500 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండుసార్లు లైటు కొట్టడం 'అడ్డుపడటం' అవుతుందా అన్నది వాదనకు నిలబడే ప్రశ్నే. ఇంగ్లండులో ఇది ఎప్పుడో కోర్టుకెక్కింది. అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ 1905లో పుట్టిందే పోలీసుల స్పీడు ట్రాపుల గురించి కార్లవాళ్లకు చెప్పడానికి. హెచ్చరిక అందుకున్న బండ్లు వేగంగా వస్తున్నాయన్న రుజువు లేకపోతే చెప్పడం తప్పు కాదని 1907లో తీర్పొచ్చింది. అప్పటికే హద్దు మీరి వస్తున్నవాళ్లను హెచ్చరిస్తే అడ్డుపడినట్టేనని 1910లో ఇంకో తీర్పొచ్చింది. దాంతో అసోసియేషన్ మనుషులు పద్ధతి మార్చారు. మామూలుగా సభ్యుల కార్లకు సెల్యూట్ కొట్టేవాళ్లు, ముందు ట్రాప్ ఉంటే కొట్టకుండా ఊరుకునేవాళ్లు. సెల్యూట్ ఎందుకు కొట్టలేదని ఎవరి మీద కేసు పెడతారు?

రాత్రిపూట సంగతి వేరు. ఎదురు బండి కళ్లలోకి హైబీమ్ వేయడం 2017 డ్రైవింగ్ నిబంధనలకు విరుద్ధం. దానికి మోటారు వాహనాల చట్టం 177ఏ సెక్షను కింద 500 నుంచి 1,000 రూపాయలు.

ఇక మీ రెండో మాట. స్పీడు తగ్గితే మంచిదే, తగ్గే తీరు చూడండి. 110లో వస్తున్న మనిషి మీ లైటు చూడగానే బ్రేకు మీద కాలేసి 60కి దిగుతాడు. వెనక 20 మీటర్ల దూరంలో ఇంకో కారు 110లో వస్తోందనుకోండి. 110 అంటే సెకనుకు 30 మీటర్ల పైనే. ఆ వెనక డ్రైవరుకు నిండా ఒక సెకను కూడా లేదు. చెకింగ్ దాటాక రెండు కిలోమీటర్లకే కారు మళ్లీ 110లో ఉంటుంది. మీరు తగ్గించింది ఆ కాస్త దూరంలో వేగం, తప్పించింది చలానా. పైగా అదే చోట తాగి నడిపేవాళ్లనో, దొంగ బండినో ఆపడానికి దారికి అడ్డం పెట్టి నాకాబందీ వేసి ఉండొచ్చు. ఎదురుగా వచ్చేది ఎవరో మీకు తెలియదు. అందుకే మా సలహా: పోలీసులున్నారని చెప్పడానికి డిప్పర్ కొట్టకండి.

స్థిరంగా పెట్టిన కెమెరాల విషయంలో ఈ గొడవే లేదు. అలాంటి చోటుకు ముందే హెచ్చరిక బోర్డు కనబడేలా పెట్టాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఏ చెబుతోంది. అది రహస్యమే కాదు కాబట్టి పక్కనున్నవాళ్లకు చెప్పినా తప్పు లేదు.

ప్రశ్న (ఆళ్లగడ్డ, లారీ డ్రైవరు): లేజర్ గన్ ఎంత దూరం నుంచి పట్టుకుంటుంది? గన్‌ను పసిగట్టి కూత పెట్టే డిటెక్టర్ పెట్టుకుంటే ముందే తెలుస్తుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు.

జవాబు: డబ్బు దండగ. లేజర్ గన్ కంటికి కనిపించని కాంతిని చిన్న చిన్న తునకలుగా వదులుతుంది. అవి బండికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం, ఆ దూరం తగ్గే తీరును బట్టి వేగం లెక్కకడుతుంది. ఇదంతా అర సెకనులోపే. 300 మీటర్ల దగ్గర ఆ కిరణం వెడల్పు సుమారు ఒక మీటరు ఉంటుంది, అంటే గుంపులోంచి మీ బండిని మాత్రమే ఎంచుకోగలదు. డిటెక్టర్ కూత పెట్టేసరికి మీ వేగం తెర మీద పడిపోయి ఉంటుంది. పాత రాడార్ గన్ కిరణం వెడల్పు కాబట్టి, బండ్లు దగ్గరదగ్గరగా ఉంటే ఏ బండి వేగమో తేలక తగువులొచ్చేవి.

గన్ను రోడ్డు పక్క నుంచి కోణంలో పడితే రీడింగ్ తగ్గుతుందే కాని పెరగదు. 10 డిగ్రీల కోణంలో 100 వేగం 98.5గా పడుతుంది. మీకే లాభం.

మీ మీటరు మీద మాత్రం ఒక కన్నేయండి. కంపెనీ ఇచ్చిన సైజు కంటే పెద్ద టైరు వేస్తే మీటరు తక్కువ చూపిస్తుంది. టైరు వ్యాసం 5 శాతం పెరిగితే, ముల్లు 80 మీద ఉన్నా బండి 84లో పోతుంటుంది. సరుకు బండికి నాలుగు వరుసల రోడ్డు మీద 80, మామూలు రోడ్ల మీద 60 గరిష్ఠమని 2018 కేంద్ర నోటిఫికేషన్. కారుకు అవే 100, 70. బోర్డు మీద అంతకంటే తక్కువ అంకె ఉంటే బోర్డుదే మాట.

ప్రశ్న (కడప, గృహిణి): మా ఆయన ఉన్న వాట్సాప్ గ్రూపులో 'మైదుకూరు దగ్గర చెకింగ్' అని రోజూ పెడుతుంటారు. బండి నడుపుతూనే చూస్తుంటారు. ఎంత చెప్పినా వినరు.

జవాబు: చెకింగ్ బండి గంటకో చోటికి మారుతుంది. మెసేజ్ వచ్చేసరికి అది పాతబడి ఉంటుంది. నడుపుతూ ఫోను చేతిలో పట్టుకుంటే అది 184వ సెక్షను, ప్రమాదకరంగా నడపడం: మొదటిసారికి 1,000 నుంచి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. కారుకు వేగం మీరిన జరిమానా 1,000 నుంచి 2,000. చిన్న జరిమానా తప్పించుకోబోయి పెద్దది నెత్తిన పెట్టుకుంటున్నారని ఈ అంకెలు చూపించండి, వింటారేమో.

ప్రశ్న (పత్తికొండ, డ్రైవరు): టమోటా లోడు. తెల్లారేలోపు మార్కెట్లో ఉండాలంటాడు ఓనరు. స్పీడుగా పోకపోతే చేరలేను, పోతే చలానా నాకే. ఎదురు డిప్పర్లే మాకు దిక్కు.

జవాబు: చట్టం మీ ఓనరును వదల్లేదు. 183వ సెక్షను వేగం మీరి నడిపినవాళ్లకే కాదు, తన కింద పనిచేసేవాళ్ల చేత నడిపించినవాళ్లకూ వర్తిస్తుంది. ఫలానా సమయానికి చేరాలని ఆదేశమిచ్చి, హద్దులో నడిపితే ఆ సమయానికి చేరడం కుదరదని కోర్టు అనుకుంటే, ఆ ఆదేశమే ఓనరు మీద ప్రాథమిక సాక్ష్యం. కాబట్టి టైము విషయం నోటిమాటగా వదిలేయకుండా ఫోనులో మెసేజ్‌గా పెట్టమనండి. భారీ వాహనానికి జరిమానా 2,000 నుంచి 4,000. రెండోసారి అయితే లైసెన్సే తీసుకుంటారు, అది పోయేది మీదే.

ప్రశ్న (రాయచోటి, బస్సు డ్రైవరు): గువ్వలచెరువు ఘాటులో మలుపు అవతల లారీ ఆగిపోయి ఉంటే లైటు కొట్టి చెబుతాం. అదీ మానేయాలా?

జవాబు: మానేయకండి. ఆ గుర్తు ఉన్నది దానికోసమే. మా కోపమంతా చెకింగుల కోసం దాన్ని వాడి పాడుచేస్తున్నందుకే. డిప్పర్‌కు ఇప్పటికే అర్థాలు ఎక్కువ: 'హైబీమ్ దించు', 'నేనొస్తున్నా ఆగు', 'నువ్వు రా'. వీటికి 'పోలీసులున్నారు' కూడా కలిసింది. దాంతో లైటు చూసిన మనిషి ముల్లు చూసుకుని 80కి దించి, సీటు బెల్టు సర్దుకుంటాడు. మలుపులో అడ్డంగా ఉన్న లారీకి 80 చాలదు, దాదాపు ఆగేంత నెమ్మదించాలి. లోడు లారీకి 80లో, పొడి రోడ్డు మీద కూడా, డ్రైవరు స్పందించడం, బ్రేకుల్లో గాలి నిండటం, బండి ఆగడం అన్నీ కలిపి 100 మీటర్లు పడుతుంది. ఘాటు దిగుతూ బ్రేకులు వేడెక్కి ఉంటే ఇంకా ఎక్కువ.

అందుకే లైటుతో పాటు చెయ్యి కూడా వాడండి. అరచెయ్యి కిందికి పెట్టి రెండు మూడుసార్లు మెల్లగా అణిచినట్టు చూపితే, ఇది చెకింగ్ కాదని పాత డ్రైవర్లకు అర్థమవుతుంది. మీ వెనక వచ్చేవాళ్లకు నాలుగు ఇండికేటర్లూ వేయండి. నడిమధ్యన డివైడర్ ఉన్న రోడ్డు మీద ఎదురు లైటు ఏ వైపు సంగతి చెబుతోందో తెలియదు, అక్కడ ఫోనే మేలు. పక్కకు ఆపి హైవే హెల్ప్‌లైన్ 1033కు చేసి, కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరి వైపు వెళ్లే రోడ్డు అన్నవి చెప్పండి. మనిషికి దెబ్బ తగిలితే 108, రోడ్డు మీద ఏదైనా పడి ఉంటే 112 కూడా. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడింది, అంతకుముందే ప్రమాదానికి గురై రోడ్డు మీద పడి ఉన్న బైకును ఢీకొట్టాకే.

మీ బండే ఆగిపోతే ఎర్ర త్రికోణం కనీసం 100 మీటర్ల వెనక, మలుపు ఉంటే మలుపుకు ముందే పెట్టండి. కారుకు 100 వేగంలో ఆగడానికి పట్టే దూరం అంతే. రాళ్లు, కంప పెట్టినవాళ్లు బండి బాగయ్యాక వాటిని అక్కడే వదిలి పోతున్నారు. చీకట్లో బైకు మీద వచ్చేవాడికి అవే గండం.

ప్రశ్న (అనంతపురం): వేగం చలానా వచ్చింది. ఆ రోజు బండి ఇంట్లోనే ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు డబ్బు కట్టేయకండి. కడితే ఒప్పుకున్నట్టే. పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లో ఫోటో తెరిచి నాలుగు చూడండి: నంబరు ప్లేటు స్పష్టంగా ఉందా, బండి మోడలు, రంగు మీదేనా, తేదీ, సమయం, చోటు రాశారా, యంత్రం కొలిచిన వేగం అంకె ఉందా. 167ఏ ప్రకారం మోడలు, రంగు తప్ప ఇవన్నీ ఉండాలి, ఏ సెక్షను మీరారో కూడా రాయాలి. నంబరు పొరపాటుగా చదివి ఉంటే ఫోటోలోనే తేలిపోతుంది, తరచుగా 3, 8 దగ్గర, బీ, 8 దగ్గర తడబాటు. పోర్టల్లోనే ఫిర్యాదు పెట్టి, ఆర్సీ కాపీ, మీ బండి ముందు వెనక ఫోటోలు జత చేయండి. ఫోటోలో ఉన్నది నిజంగా మీ నంబరే, బండి మాత్రం వేరే అయితే ఎవరో దొంగ ప్లేటు వాడుతున్నట్టు లెక్క. ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి.