విరేచనాల క్రిమికి రక్తనాళాల స్కానింగ్ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. కీళ్లవాతానికి స్టెరాయిడ్ మాత్రలు, వాటితో పాటు రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటారు. నెల కిందట విరేచనాలై రెండు రోజుల్లో తగ్గాయి. తర్వాత చలిజ్వరం పట్టుకుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు విడాల్ టెస్టు చేయించి టైఫాయిడ్ అన్నారు. మూడు రోజులు జెంటామైసిన్ ఇంజెక్షన్లు చేశారు. తగ్గకపోతే టౌన్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) సాల్మొనెల్లా వచ్చింది కానీ అది టైఫాయిడ్ కాదంటున్నారు. ఐదు రోజులకు జ్వరం దిగింది. అయినా పంపడం లేదు. నడుంనొప్పి ఉందని కడుపుకు సీటీ స్కాన్, గుండెకు ఎకో, హెచ్‌ఐవీ టెస్టు కూడా రాశారు. ఇవన్నీ అవసరమేనా? ఇంటికి తీసుకెళ్లి మాత్రలు వాడితే సరిపోదా? ఇంట్లో ఏడు నెలల బాబు ఉన్నాడు, వాడికి అంటుకుంటుందా?
- ఒక పాఠకుడు, మంచిర్యాల

సమాధానం: స్కానింగ్ అయి, రిపోర్టు వచ్చేదాకా నాన్నగారిని ఇంటికి తీసుకెళ్లకండి. జ్వరం దిగింది కదా అని సంతకం పెట్టి తెచ్చేసుకోవడం ఈ జబ్బులో చాలా ప్రమాదం. వాళ్లు రాసిన పరీక్షల్లో అనవసరమైనది ఒక్కటీ నాకు కనిపించలేదు. నేనైనా అవే రాస్తాను.

సాల్మొనెల్లాలో రెండున్నర వేలకు పైగా రకాలున్నాయి. టైఫై, పారాటైఫై అనేవి మనుషుల్లోనే బతుకుతాయి, టైఫాయిడ్ తరహా జ్వరాలు తెచ్చేవి అవే. మిగతా రకాల్లో చాలావరకు కోళ్లు, పశువుల పేగుల్లో ఉంటాయి. సరిగా ఉడకని గుడ్లు, మాంసం, కలుషితమైన తిండి, నీళ్ల ద్వారా మనలోకి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇవి నాలుగు నుంచి ఏడు రోజుల విరేచనాలతో సరిపెట్టుకుంటాయి. యాంటీబయోటిక్ కూడా అక్కర్లేదు, ఓఆర్‌ఎస్ చాలు. కానీ సాల్మొనెల్లా అని తేలిన విరేచనాల రోగుల్లో సుమారు 5 శాతం మందిలో క్రిమి పేగు గోడ దాటి రక్తంలోకి చేరుతుంది. మీ నాన్నగారికి జరిగింది అదే. విరేచనాలు ఎప్పుడో తగ్గిపోయినా, అసలు జబ్బు ఆ తర్వాతే మొదలైంది.

ఆయనకే ఎందుకు వచ్చిందంటే, ఆయన వాడే మందుల్లోనే చాలావరకు జవాబుంది. కడుపులోని ఆమ్లం ఈ క్రిములను చంపే మొదటి కాపలా. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర దాన్ని తగ్గిస్తుంది. పేగు దాటి వచ్చిన క్రిమిని మింగి చంపాల్సిన తెల్లకణాలను స్టెరాయిడ్ బలహీనపరుస్తుంది. అదుపులో లేని షుగరు దానికి తోడవుతుంది. అలాగని స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపేయకండి. ఎక్కువ కాలం వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గ్యాస్ మాత్ర ఇంకా కావాలా, స్టెరాయిడ్ మోతాదు తగ్గించవచ్చా అన్నది డాక్టర్‌ను అడగండి.

ఇక నడుంనొప్పి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన మాట అదే. రక్తంలో తిరిగే సాల్మొనెల్లాకు పెద్ద రక్తనాళాల గోడలంటే ప్రత్యేకమైన మక్కువ. వయసు, షుగరు, బీపీ వల్ల కొవ్వు పేరుకుని గరుకుబారిన చోట, గోడకు పాచి పట్టినట్టు పట్టేస్తుంది. 50 ఏళ్లు దాటినవాళ్ల రక్తంలో ఈ క్రిమి కనిపిస్తే, వేర్వేరు అధ్యయనాల ప్రకారం 10 నుంచి 25 శాతం మందిలో రక్తనాళాలకు ఇన్‌ఫెక్షన్ ఉంటోంది. ఎక్కువగా దెబ్బతినేది కడుపులో వెన్నెముకను ఆనుకుని దిగే బృహద్ధమని అనే పెద్ద రక్తనాళం. దాని గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. ఆ దశలో రోగికి కనిపించేది కాస్త జ్వరం, నడుంనొప్పి లేదా కడుపునొప్పి, అంతే. గుర్తించకపోతే ఒకరోజు అది పగులుతుంది. పగిలాక బతికించడం చాలా కష్టం. పగలకముందు కనిపెడితే రక్తనాళాల సర్జన్లు చేయగలిగింది ఉంది. వెన్నుపూసలకు చీము పట్టినా ఇలాంటి నొప్పే వస్తుంది. సీటీలో ఏమీ లేకపోయినా నొప్పి పోకపోతే వెన్నుకు ఎంఆర్‌ఐ అవసరం కావచ్చు. గుండె కవాటాల మీద క్రిమి చేరిందేమో చూడటానికి ఎకో.

సీటీకి ముందు రంగుమందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

హెచ్‌ఐవీ టెస్టు రాశారని నొచ్చుకోకండి, అందులో నాన్నగారి నడవడి మీద అనుమానమేమీ లేదు. ఈ రకం సాల్మొనెల్లా మళ్లీ మళ్లీ రక్తంలోకి రావడం ఎయిడ్స్ లక్షణాల్లో ఒకటి. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్న పెద్దలు, మలేరియా, పోషకాహార లోపం ఉన్న పసిపిల్లలు దీనికి ఎక్కువగా బలవుతున్నారు.  అందుకే ఈ క్రిమి రక్తంలో దొరికిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష చేయడం పద్ధతి.

విడాల్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన ఊళ్లలో జ్వరం వస్తే చాలు విడాల్, అందులో పాజిటివ్ అని వస్తే చాలు టైఫాయిడ్. ఆ పరీక్ష క్రిమిని చూపించదు. దానికి విరుగుడుగా ఒంట్లో తయారైన యాంటీబాడీలను మాత్రమే చూపిస్తుంది. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ, సాల్మొనెల్లాలోనే వేరే రకాలకూ పాజిటివ్ రావచ్చు. ఎంటరైటిడిస్ అనే కోడిగుడ్ల రకానికీ టైఫాయిడ్ క్రిమికీ పైపొరలో పోలికలున్నాయి. అసలు దొంగను పట్టేది బ్లడ్ కల్చరే. అదీ యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందు రక్తం తీస్తేనే బాగా పట్టుబడుతుంది.

జెంటామైసిన్ ఎందుకు పనిచేయలేదో కూడా తెలుసుకోండి. ల్యాబ్‌లో సాల్మొనెల్లా ఈ మందుకు లొంగినట్టే కనిపిస్తుంది. కానీ ఒంట్లో అది తెల్లకణాల లోపల దాక్కుంటుంది, జెంటామైసిన్ అక్కడికి సరిగా చేరలేదు. పైగా షుగరున్న మనిషి కిడ్నీలకు ఆ ఇంజెక్షన్ మంచిది కాదు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని సాల్మొనెల్లా మన దేశంలో ఎక్కువ. అందుకే సాధారణంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి, క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు చూసి కొనసాగిస్తారు. స్కానింగుల్లో ఎక్కడా ఏమీ లేకపోతే రెండు వారాల వైద్యం సరిపోవచ్చు. వెన్నుపూసలో ఉంటే కనీసం ఆరు వారాలు. ధమనిలో ఉంటే ఆపరేషనో స్టెంటో, దాంతోపాటు మళ్లీ ఆరు వారాలో అంతకన్నా ఎక్కువో. ఎన్ని రోజుల మందు అన్నదే స్కానింగ్ మీద ఆధారపడినప్పుడు, అది లేకుండా ఇంటికి తెచ్చుకుని మాత్రలు వాడటానికి లెక్క ఎక్కడిది?

బాబు విషయం. ఈ క్రిమి గాలి ద్వారా రాదు, పక్కన కూర్చుంటే రాదు. మలం అంటిన చేతుల నుంచి నోటికి చేరుతుంది. నాన్నగారు కోలుకున్నాక కూడా కొన్ని వారాలు మలంలో క్రిమి పోవచ్చు. కాబట్టి దొడ్డికి వెళ్లొచ్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అన్నాళ్లూ ఆయన వంటలో చేయి పెట్టకూడదు, బాబుకు తినిపించకూడదు. ఎత్తుకోవడానికి అభ్యంతరం లేదు, చేతులు కడుక్కుని ఎత్తుకోవచ్చు. ఏడాదిలోపు పిల్లల్లో ఈ క్రిమి రక్తంలోకి తేలిగ్గా చేరుతుంది. బాబుకు జ్వరంతో విరేచనాలైతే ఇంట్లో చూద్దాంలే అని ఆగకండి. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పరీక్షలు, మందులు అక్కర్లేదు. టైఫాయిడ్ టీకా మంచిదే, వేయించండి, కానీ అది ఈ రకాల నుంచి కాపాడదు.

వంటింట్లో పచ్చి కోడిమాంసాన్ని కుళాయి కింద కడిగితే ఆ తుంపర్లు కూరగాయల మీద, గిన్నెల మీద పడతాయి. పచ్చి మాంసానికి కత్తీ పీటా వేరుగా పెట్టుకోండి. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి. బలానికని పచ్చిగుడ్డు తాగించే అలవాటు ఇంట్లో ఉంటే మాన్పించండి. పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం ఉన్నా లేకపోయినా స్టెరాయిడ్లు వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు.

డిశ్చార్జ్ అయ్యే రోజు కల్చర్, సెన్సిటివిటీ రిపోర్టుల కాపీలు అడిగి తీసుకోండి. మందు ఏ తేదీదాకా వాడాలో, మళ్లీ స్కాన్ ఎప్పుడో రాయించుకోండి. ఇంటికొచ్చాక జ్వరం తిరగబెట్టినా, నడుంనొప్పి, కడుపునొప్పి పెరిగినా, కాలు చల్లబడినా, కళ్లు తిరిగి పడిపోయినా ఊళ్లో ఇంజెక్షన్లు చేయించుకుంటూ కూర్చోవద్దు. ఆ రిపోర్టులు పట్టుకుని, రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికి అదే గంటలో బయలుదేరండి.