అవి గవదబిళ్లలు కావమ్మా

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉండి చదువుతోంది. దసరాకి వచ్చినప్పుడు చెవుల కింద రెండు పక్కలా వాపు కనిపిస్తే గవదబిళ్లలనుకుని మందులు వాడాం, తగ్గలేదు. ఒకరోజు అందరితో కూర్చుని గారెలు, పులిహోర బాగానే తిని, వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్లి ట్యాప్ తిప్పేసింది. ఆ నీళ్ల చప్పుడులోనే వాంతి చేసుకుంటున్న చప్పుడు విన్నాను. అడిగితే లావైపోతానని భయమంటూ ఏడ్చేసింది. చూస్తే సన్నగా కూడా లేదు. అత్తగారు దిష్టి అంటారు, మావారు నాలుగు తగిలిస్తే సరి అంటారు. కాలేజీ వాళ్లేమో ఎప్పుడు పంపిస్తారని ఫోన్లు. - ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, ముందు మీవారికి చెప్పండి, పిల్ల మీద చెయ్యెత్తొద్దని. ఇది పొగరూ కాదు, దిష్టీ కాదు. మీరు రాసినదాన్ని బట్టి బులీమియా అనే జబ్బులా ఉంది. ఆపుకోలేక ఒక్కసారిగా చాలా తినేయడం, తర్వాత భయంతో కక్కేయడమో, విరేచనాల మాత్రలు మింగడమో, పస్తులుండటమో చేస్తారు. లండన్‌లో జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్టు 1979లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించారు. గొంతులో వేళ్లు పెట్టుకునేటప్పుడు పళ్లు తగిలి చేతి కణుపుల మీద కాయలు కాస్తాయి, ఆ గుర్తుకి ఆయన పేరే ఉంది. చెవుల కింద వాపు కూడా పదేపదే వాంతులతో లాలాజల గ్రంథులు ఉబ్బడం వల్ల వచ్చి ఉండొచ్చు.

సన్నగా లేదు కదా అని ఊరుకోకండి. బులీమియా ఉన్న చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు, అందుకే ఇంట్లో వాళ్లకి ఏళ్ల తరబడి తెలియదు. నాకు అన్నిటికన్నా టెన్షన్ రక్తంలో ఉండే పొటాషియం అనే లవణం గురించి. వాంతులతో అది పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఇది చదివిన రోజే డాక్టరుకి చూపించి రక్తంలో పొటాషియం, ఈసీజీ చూడమనండి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉందన్నా, వాంతిలో రక్తం పడినా గంట కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఎందుకొచ్చిందని మీలో మీరు కుమిలిపోకండి. కొంత వంశపారంపర్యం, కొంత అన్నిట్లో ఫస్ట్ రావాలనే స్వభావం, కొంత డైటింగ్. పెళ్లిళ్లలో మనవాళ్లు పలకరింపుగా అనే 'ఏమే, ఒళ్లు చేశావ్' అన్న మాట ఉందే, అది ఈ వయసు పిల్లల్లో ఎంత లోతుగా దిగుతుందో నేను రోజూ చూస్తున్నాను.

వైద్యం ఉంది, చాలామంది కోలుకుంటారు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని, ఆలోచనల్నీ అలవాట్లనీ మాటలతో మార్చే వైద్యం, మామూలుగా 20 సెషన్ల దాకా ఉంటుంది. అందులో మొదటి పని డైటింగ్ మాన్పించి మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి వేళకి తినిపించడం, ఎందుకంటే పగలంతా పస్తుంటేనే రాత్రికి ఆ తిండి యావ తన్నుకొస్తుంది. ఈ వయసు పిల్లలకి తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టుకుని చేసే ఫ్యామిలీ థెరపీ బాగా పనికొస్తుంది. కొందరికి ఫ్లూఆక్సెటిన్ మందు కూడా ఇస్తారు, పదిహేడేళ్ల పిల్ల కాబట్టి అది సైకియాట్రిస్టు కనిపెట్టి చూస్తూ ఇవ్వాల్సిందే. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

కాలేజీ సంగతంటారా, ఇప్పుడే పంపకండి. రిపోర్టులు బాగుండి, సైకియాట్రిస్టు సరేనన్నాకే హాస్టల్. ఈలోగా భోజనమయ్యాక ఒక గంట తనతోనే ఉండండి, బాత్రూమ్ దగ్గర కాపలాగా కాదు, జడ వేస్తూనో, కబుర్లు చెబుతూనో. బరువు మాటెత్తొద్దు. వాంతి అయిన రోజున తిట్టకండి, నీళ్లతో నోరు పుక్కిలించమనండి, వెంటనే బ్రష్ చేస్తే ఆ యాసిడ్‌కి పళ్లు ఇంకా అరుగుతాయి.