మీ నాన్న సీడీలను అప్పుడే ఇచ్చేయకు

చిరంజీవి అమ్ములుకు, మావయ్య దీవించి రాయునది.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి నీ సంకల్పం చెప్పింది. రెండు స్ట్రీమింగ్ సేవలకు చందా కట్టి, వాటిలో హై-రెజల్యూషన్, అంటే సీడీని మించిన నాణ్యత, అని గుర్తు వేసిన కర్ణాటక సంగీతం నిజంగా అంత నాణ్యంగా ఉందో లేదో ఒక్కొక్కటిగా పరీక్షిస్తావట. తృప్తి కలిగితే మీ నాన్న కూడబెట్టిన మూడు వందల సీడీలను పాత సరుకు కొనేవాడికి ఇచ్చేస్తావట. ముప్పై నాలుగేళ్లు రేడియోలో ఇంజినీరింగు పని చేసినవాణ్ని, మన ఇంట్లో ధ్వని గురించి ఇంత పట్టింపు ఉన్న మనిషి నా తరువాత నువ్వే అయినందుకు మొదటి సగం విని పొంగిపోయాను. రెండో సగం విన్నప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. అందుకే ఫోనులో తేల్చకుండా ఉత్తరం రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో ఈ పరీక్ష చేయకు. బ్లూటూత్‌లో ఎక్కువ సమాచారం మోయగల పద్ధతుల్లో ఒకటైన ఎల్‌డాక్ కూడా సెకనుకు 990 కిలోబిట్లకు మించి పంపలేదు, కుదించని సీడీ ధ్వనికే 1,411 కావాలి. యాప్ సెట్టింగుల్లో మొబైల్ డేటాకు, వైఫైకి, డౌన్‌లోడుకు నాణ్యత వేరువేరుగా ఎంచుకోవాలి, మూడూ చూడు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనపు రుసుము లేకుండానే 24 బిట్లు (ఒక్కో కొలత సూక్ష్మత), 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు ఎన్ని వేల కొలతలు, దీన్నే శాంపిల్ రేటు అంటారు) వరకు ఇస్తోంది కానీ, ఫోనుకు తగిలించే వారి చిన్న అడాప్టరు 48 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కనుక, అంతకు మించి కావాలంటే అంకెలను ధ్వనిగా మార్చే డ్యాక్ అనే పరికరం ఒకటి విడిగా ఉండాలి. ఖరీదైనది అక్కరలేదు, వస్తున్న శాంపిల్ రేటును దీపంతోనో అంకెతోనో చూపించేదైతే చాలు. విండోస్‌లో మామూలు పద్ధతిలో వినేటప్పుడు, పాట ఏ రేటులో ఉన్నా, సౌండు సెట్టింగుల్లో నువ్వు పెట్టిన రేటుకు మారిపోతుంది. తెర మీద 192 అని కనిపిస్తూ, డ్యాక్ మీద 48 వెలుగుతూ ఉంటే డ్యాక్‌ను నమ్ము.

ఇక ధ్వనిని బొమ్మ గీసి చూడటం. స్ట్రీమింగ్ ఫైలుకు తాళం ఉంటుంది కనుక నేరుగా తెరవలేవు. అయితే ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో వాసాపీ లూప్‌బ్యాక్ అనే మార్గం ఉంది. కంప్యూటరులో మోగుతున్నదాన్ని మైకు లేకుండా అంకెల రూపంలోనే పట్టి ఇస్తుంది. సౌండు సెట్టింగుల్లోని రేటును పాట రేటుకు ముందే సరిపెట్టి, రెండు నిమిషాలు పట్టుకుని, స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ క్షణాన ఏ ఎత్తు ధ్వని ఎంత ఉందో చూపే బొమ్మ, చూడు. ఈ బొమ్మలో కిలోహెర్ట్జ్ అంటే శాంపిల్ రేటు కాదు, ధ్వని ఎత్తు. పరీక్ష అయ్యాక ఆ ముక్కను చెరిపెయ్యి, ఎవరికీ పంపకు. 96 కిలోహెర్ట్జ్ అని పేరు పెట్టిన పాట బొమ్మలో 22 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు అంతా ఆగిపోయి, పైన నల్లగా ఉంటే, అది సీడీ స్థాయి రికార్డింగును సాగదీసింది కావచ్చు. 16 దగ్గరే ఆగిపోతే మూలం 128 కిలోబిట్ల ఎంపీ3 కావచ్చు.

రెండు చోట్లా కావచ్చు అన్నాను, గమనించు. బొమ్మ చూసి తీర్పు రాసేసే తొందర నీకుందని నాకు తెలుసు, ఆ విషయంలో నువ్వు అచ్చంగా మీ అమ్మవు. అరవైల నాటి కచేరీ టేపులో పైన ఏమీ లేకపోవడం మోసం కాదు, ఆనాటి మైకు, ఆనాటి టేపు అంతే ఇచ్చాయి. పైన ఏదో కనిపించినంత మాత్రాన అది సంగీతమూ కాదు: టేపు సరసర అంత ఎత్తుకూ పోతుంది, డీఎస్‌డీ అనే మరో డిజిటల్ పద్ధతి నుంచి మార్చిన వాటిలో వినికిడి హద్దు దాటాక రొద మేఘంలా పెరుగుతూ పోతుంది. పాత స్టూడియో రికార్డింగుల్లో సరిగ్గా 15,625 హెర్ట్జ్ దగ్గర దారం కట్టినట్టు సన్నని అడ్డగీత కనిపిస్తే కంగారు పడకు. అది ఆ గదిలో వెలుగుతున్న పాత టీవీ తెర పెట్టిన కూత. ఒకప్పుడు స్టూడియో తలుపు తీయగానే నా చెవికి గుచ్చుకునేది. ఇప్పుడు ఎదురుగా మోగించినా నాకు వినపడదు, బొమ్మలో చూసి గుర్తు పట్టాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1996లో నేను పని చేస్తున్న రేడియో కేంద్రంలో పాత స్పూలు టేపులను డ్యాట్ (డిజిటల్ టేపు) క్యాసెట్ల మీదకు ఎక్కించే పని నాకు అప్పగించారు. కొత్త స్పూళ్లకు కొరత, అందువల్ల నకలు తీసి, సరిచూసి, బాగుందని సంతకం పెట్టాక పాత స్పూలును చెరిపి మళ్లీ వాడేవాళ్లం. ఒక పెద్ద వైణికుడి గంటన్నర కచేరీ రెండు స్పూళ్ల మీద ఉండేది. పక్క గదిలో దానికి నకలు తీశారు. నేను టేపును, నకలును ఒకే చోట మోగించి, స్విచ్చి ఇటూ అటూ తిప్పుతూ విన్నాను. నకలు నిండుగా, దగ్గరగా, వీణ ఒళ్లో పెట్టుకున్నట్టు వినిపించింది. టేపు దూరంగా, పలచగా తోచింది. నాతో ఉన్న సహోద్యోగి కూడా నకలే మేలన్నాడు. టేపుకు వయసు మీద పడిందని ఇద్దరం అనుకున్నాం. సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నమే రెండు స్పూళ్లనూ చెరిపే యంత్రం మీద నేనే తిప్పాను.

నాలుగు నెలల తరువాత ఆ వైణికుడి కూతురు వచ్చింది. తండ్రి పోయారని, ఆ కచేరీ ఒకసారి వినాలని ఉందని అడిగింది. హెడ్‌ఫోన్లు ఇచ్చి కూర్చోబెట్టాను. తానం మొదలై రెండు నిమిషాలు కాకముందే తీసి, "ఇది నాన్నగారి వీణే, కానీ మీటు ఏదండీ?" అంది. నాకు అర్థం కాలేదు. ఆమె వెళ్లాక మీటరు పెట్టి చూశాను. నకలు తీసిన దారిలో లిమిటరు, అంటే ధ్వని ఒక హద్దు దాటకుండా నొక్కే పరికరం, ఉండిపోయింది. తీగ మీద వేలు పడ్డ ప్రతి క్షణాన్ని అది నొక్కేసింది. మంద్ర స్థాయిలో గట్టిగా మీటినప్పుడు మొత్తం ధ్వని కుంగి, వెంటనే తాళపు తీగల మోత పైకి ఉబికి వచ్చేది. అలా నొక్కినందువల్లే నకలు సగటున రెండు డెసిబెళ్లు బిగ్గరగా ఉంది. నేను ఆ రోజు విన్న నిండుదనం ఆ రెండు డెసిబెళ్లే. చెవికి రెండు డెసిబెళ్ల తేడా బిగ్గరగా తోచదమ్మా, మెరుగ్గా తోస్తుంది. వాల్యూమ్ పెరిగిందని ఎవరూ అనరు. స్పష్టంగా ఉంది, ప్రాణం ఉంది అంటారు, నేనూ అదే అన్నాను. పోల్చే ముందు వాల్యూమ్ పిడి ఒక్క గీత తగ్గించి ఉంటే ఆ టేపు ఇప్పటికీ బతికే ఉండేది. మర్నాడు ఆమె ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు, ఉన్న నకలుకే ఒక కాపీ అడిగి తీసుకుంది.

కనుక నా మాట ఇది: రెండు సేవలను గానీ, సేవనూ సీడీనీ గానీ పోల్చే ముందు ధ్వని మట్టం సమానం చెయ్యి. యాప్‌లో పాటల బిగ్గరను తనంతట తాను సర్దే ఏర్పాటు, ఆపిల్ మ్యూజిక్‌లో దాన్ని సౌండ్ చెక్ అంటారు, ముందు ఆపు. లూప్‌బ్యాక్‌లో పట్టిన రెండు ముక్కలనూ కొలిచి, తేడా డెసిబెల్‌లో పదో వంతుకు దిగేదాకా పెద్దదాన్ని తగ్గించు. ఆ తరువాత ఫూబార్2000 అనే ప్లేయరులో ఏబీఎక్స్ పరీక్ష పెట్టుకో. ఏది మోగుతోందో తెలియకుండా 16 సార్లు విని కనీసం 12 సార్లు సరిగా చెప్పగలిగితే తేడా వినిపిస్తోందని రాయవచ్చు, ఎందుకంటే ఊరికే ఊహించేవారికి అన్ని రావడం నూటికి నాలుగు సార్లు మాత్రమే జరుగుతుంది. ఎన్నిసార్లు వింటావో ముందే నిర్ణయించుకో, బాగా వచ్చిన చోట ఆపకు. రెండూ ఒకే మాస్టరు (విడుదలకు సిద్ధం చేసిన మూల ప్రతి) నుంచి వచ్చాయా అన్న సందేహం ఉంటే, రేటు ఒకటే చేసి, శాంపిల్‌కు శాంపిల్ కలిసేలా జరిపి, ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలుపు. దాదాపు నిశ్శబ్దం మిగిలితే రెండూ ఒకటే. పాట వినపడుతూ ఉంటే మాస్టరు మారింది, లేదా మధ్యలో ఎవరో ఏదో చేశారు.

నా భయమంతా ఈ ఆఖరి మాట దగ్గరే ఉంది. సీడీలోని 16 బిట్లు పట్టే 96 డెసిబెళ్ల వ్యాప్తి, సీలింగు ఫ్యాను తిరిగే మన ఇళ్ల గదుల్లో వినడానికి చాలినంత. 24 బిట్లు రికార్డు చేసేవారికి ఎంతో మేలు చేస్తాయి కానీ, వినేవారికి ధ్వనిని మార్చేది ఎక్కువగా ఆ మాస్టరును తయారుచేసిన చెయ్యే. పాత రికార్డింగులను మళ్లీ విడుదల చేసేటప్పుడు రొద తీసి, బిగ్గర పెంచి, మీటు నొక్కేసిన మాస్టరును 24 బిట్ల పెట్టెలో పెట్టడం అరుదేమీ కాదు. మీ నాన్న కొన్నవాటిలో చాలా వరకు తొంభైల ఆరంభంలో అచ్చయిన సీడీలు, పాటలను ఒకరికన్నా ఒకరు బిగ్గరగా అచ్చువేసే పోటీ ఇంకా ముదరని కాలానివి. వాటిలో మీటు మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. స్ట్రీమింగ్‌లోనేమో ఇవాళ ఉన్న ప్రతిని రేపు తీసేసి, అదే పేరుతో, అదే అట్టబొమ్మతో మరో మాస్టరు పెట్టవచ్చు. నీకు కబురు కూడా రాదు. ఆ రోజు పోల్చి చూసుకోవడానికి నీ చేతిలో ఏముంటుంది? మీ నాన్న నెలజీతంలో మిగిల్చి, ఒక్కొక్క దాని మీద కొన్న తేదీ వేసుకున్న డబ్బాలవి. వాటిని కిలోల లెక్కన తూయించాలన్న ఆలోచన నీకెలా వచ్చిందో నాకు తెలియదు. కోప్పడుతున్నానని అనుకోకు, నీ అద్దె ఇంట్లో బీరువా చోటెంతో నాకు తెలుసు.

ఇంకొక్కటి. పరీక్షల మోజులో రాత్రుళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని బిగ్గరగా వినకు. 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దని, అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుందని మాకు నేర్పారు. మాలో ఎవరూ పాటించలేదు. నా ఎడమ చెవిలో ఇప్పుడు ఎప్పుడూ ఒక సన్నని మోత ఉంటుంది. తేడా వినిపించనప్పుడు వాల్యూమ్ పెంచాలనిపిస్తుంది, అప్పుడు లేచి మంచినీళ్లు తాగి రా.

సంక్రాంతికి నేనే హైదరాబాదు వస్తాను. అంతవరకు ఆ సీడీలను ఉన్నచోటే ఉంచు. నీకు చోటు లేదంటే పెట్టెల్లో సర్ది బెజవాడ తెచ్చుకుంటాను, ఇక్కడ నా గదిలో పై అర ఖాళీ చేసి పెట్టాను. ముందుగా వాటిలోంచి ఒక వీణ సీడీ తీసి, అదే రికార్డింగు స్ట్రీమింగ్‌లో దొరుకుతుందేమో వెతికి, మట్టం సమానం చేసి రెండు ముక్కలూ సిద్ధంగా ఉంచు. పై స్థాయి నాకు వినపడకపోయినా మీటు ఉందో లేదో చెప్పగలను. మిగతాది నువ్వు నాకు చెబుదువుగాని.

ఆశీస్సులతో,
మీ మావయ్య